థమ్సప్ మానేస్తే సరిపోతుందా? తీపి పానీయాల్లో ఏది వదలాలి, ఏది ఉంచుకోవాలి

ఎండలు ముదిరేసరికి ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు "ఈ ఏడాది కూల్ డ్రింకులు బంద్" అని ప్రకటిస్తారు. మంచి నిర్ణయమే. చిక్కల్లా ఆ ఖాళీలోకి ఏం వచ్చి చేరుతోందో చూసుకోకపోవడంతోనే. ఫ్రిజ్‌లో థమ్సప్ సీసా ఉండే చోట మామిడి డ్రింకు సీసా చేరుతుంది. సాయంత్రం నడక నుంచి వస్తూ చెరకు రసం బండి దగ్గర ఆగుతారు. ఆఫీసులో నాలుగు టీలు ఎప్పటిలాగే నడుస్తుంటాయి. నెలాఖరున లెక్క తీస్తే ఒంట్లోకి పోయిన చక్కెర పెద్దగా తగ్గి ఉండదు, పైగా "నేను కూల్ డ్రింకులు ముట్టను" అన్న ధీమా ఒకటి.

అందుకని ఏది మంచిది, ఏది చెడ్డది అనే వాదన పక్కన పెట్టి రెండే ప్రశ్నలు వేసుకుందాం. ఆ గ్లాసులో చక్కెర ఎంత? ఆ గ్లాసు నెలకు ఎన్నిసార్లు? మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. నన్నడిగితే అసలు తేల్చేది రెండోదే.

ముందు కొలత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతా తిండి నుంచి వచ్చే శక్తిలో విడిగా కలిపే చక్కెర, రసాల్లో ఉండే చక్కెర లాంటివాటి వాటా పదో వంతు దాటకూడదు. ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మంచిది. మామూలు పెద్ద మనిషికి ఆ రెండోది రోజుకు సుమారు 25 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ ఇంచుమించు అక్కడికే వస్తాయి. వంటింటి లెక్కలో చెప్పాలంటే కాస్త గోపురం వచ్చేలా తీసిన టీ చెంచా పంచదార 5 గ్రాములు. అంటే రోజంతటికీ ఐదు చెంచాలు. అందులోనే స్వీట్లు, బిస్కెట్లు, టీ, అన్నీ.

ఈ లెక్కలోకి పాలలో సహజంగా ఉండే తీపి రాదు, పండుని పండుగా తింటే అదీ రాదు. తేనె, బెల్లం, పండ్ల రసం మాత్రం వస్తాయి. రసం ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు కావాలి. మూడు కాయలు ఒలుచుకుని తినమంటే రెండో దానికే చాలనిపిస్తుంది. గ్లాసులో పోస్తే నిమిషంలో లోపలికి పోతుంది, పీచు జల్లెడలో మిగిలిపోతుంది, తర్వాత భోజనం ఒక్క ముద్ద కూడా తగ్గదు. ద్రవంగా తీసుకున్న చక్కెరతో తంటా అదే: కడుపు దాన్ని తిండిగా లెక్కపెట్టుకోదు. బరువు, ఆ వెనకే షుగరు, పళ్లు పుచ్చడం, కాలేయంలో కొవ్వు చేరడం, ఇవన్నీ ఆ దారినే వస్తాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని అంచనా వేసింది. దానికి కారణం తీపి పానీయాలు ఒక్కటే కాదు గానీ, ఉన్న కారణాల్లో మనం చేత్తో తీసి పక్కన పెట్టగలిగినది ఇదే.

సీసాలో కోలా, సీసాలో మామిడి, డబ్బాలో జ్యూస్

మామూలు కోలాల్లో 100 మిల్లీలీటర్లకు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసాకి 26 గ్రాములు, ఐదు చెంచాలు. రోజు కోటా దానితోనే సరి. ముప్పావు లీటరు సీసా ఒక్కరే సాయంత్రానికి ఖాళీ చేస్తే పదహారు చెంచాలు.

మామిడి డ్రింకు దీనికంటే నయమని అనుకోవడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. పిల్లలకి కోలా ఇవ్వనివాళ్లు కూడా మామిడి సీసా చేతికిస్తారు. పండు కదా అని. చిత్తూరు వైపు తోతాపురి తోటలు, గుజ్జు ఫ్యాక్టరీలు చూసినవాళ్లకి నమ్మకం ఇంకా గట్టిగా ఉంటుంది. నిజమే, గుజ్జు అక్కడి నుంచే వెళ్తుంది. కానీ సీసా తిప్పి చూడండి. చాలావాటిలో గుజ్జు ఐదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా నీళ్లూ పంచదారే. చక్కెర 100 మిల్లీలీటర్లకు 12 నుంచి 15 గ్రాముల దాకా ఉండే రకాలు బోలెడు. అంటే కోలా కంటే ఎక్కువే. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పెద్దవాళ్లకి పెద్ద తేడా లేదు, చిన్న సీసా ఏదైతే అదే తీసుకోండి. పిల్లలకైతే కోలాలో కెఫీన్ ఉంటుంది కాబట్టి మామిడిదానికి ఆ ఒక్క మార్కు ఎక్కువ. అంతకు మించి ఏమీ లేదు.

ధర చూసి కూడా మోసపోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక గ్యాస్ ఉన్న తీపి డ్రింకుల మీద 40 శాతం పన్ను, గ్యాస్ లేని పండ్ల డ్రింకుల మీద 5 శాతం. పన్ను వేసేవాళ్లు బుడగలు చూశారు గానీ చెంచాలు చూడలేదు.

డబ్బాల్లో వచ్చే "పంచదార కలపని" జ్యూస్ ఇంకో రకం. ఇందులో పైనుంచి వేసిన పంచదార ఉండదు, పండుదే 100కి 9, 10 గ్రాములు ఉంటుంది. చాలావాటిని చిక్కటి గుజ్జుకి మళ్లీ నీళ్లు కలిపి తయారుచేస్తారు. అలాంటివాటిమీద "100 శాతం పండ్ల రసం" అని రాసుకోవద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో కంపెనీలకు చెప్పింది. మామిడి డ్రింకు కంటే ఇది మేలు, పండు కంటే తీసికట్టు. వారానికి ఒక చిన్న గ్లాసు అయితే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఆరోగ్యం పేరు చెప్పి తాగేవాళ్లు మాత్రం ఆ గ్లాసు తీసేసి ఒక బత్తాయో, జామకాయో తినడం మంచిది.

లేబుల్ చదివేటప్పుడు ఒక కిటుకు. కొన్నిటిలో "ఒక సర్వింగ్‌కి" అని వేసి, ఆ సర్వింగ్ 150 లేదా 200 మిల్లీలీటర్లుగా చూపిస్తారు. సీసా మాత్రం 600. మీరు తాగేది సీసా. కాబట్టి 100 మిల్లీలీటర్ల వరస మాత్రమే చూడండి, దాన్ని సీసా సైజుతో గుణించండి. పదార్థాల జాబితాలో పంచదార అన్న మాట కనిపించకపోయినా లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్ట్రిన్ కనిపిస్తే అవీ ఆ బాపతే.

రోడ్డు మీద బండ్లు

ఇక్కడ ఎంపిక బాగా ఉంది, తేడాలూ బాగా ఉన్నాయి.

చెరకు రసం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే కూల్ డ్రింకు మానేసినవాళ్లు ఎక్కువగా చేరేది అక్కడికే. కళ్లముందే గడ తిప్పుతాడు, నిమ్మకాయ, అల్లం ముక్క పెడతాడు, రంగు లేదు, గ్యాస్ లేదు. కానీ పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లోనే దీని పేరు పెట్టి మరీ రాశారు: 100 మిల్లీలీటర్లలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర, వీలైనంత తక్కువ తాగండి అని. ఒక మామూలు గ్లాసు దాదాపు ఆరు చెంచాలు. ఐస్ ఎక్కడి నీళ్లతో గడ్డకట్టిందో దేవుడికే తెలుసు. షుగరు ఉన్నవాళ్లు దీన్ని కూల్ డ్రింకుతో సమానంగానే చూడాలి. మిగతావాళ్లు నెలకు ఒకటి రెండుసార్లు, ఐస్ లేకుండా, చిన్న గ్లాసు. రుచికి తాగండి, ఆరోగ్యానికని తాగకండి.

తాటి, ఈత చెట్ల నుంచి తీసే పులియని నీరా కూడా అంతే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ వచ్చాక చాలామంది మొదటిసారి రుచి చూశారు. తాజాది, మంచి వాసన, ఖనిజాలు ఉన్న మాట నిజమే. తీపి మాత్రం చెట్టుదైనా చక్కెరే, గ్లాసుకి కూల్ డ్రింకు దరిదాపుల్లో ఉంటుంది.

సోడా బండి మీద ఆర్డరు చెప్పే తీరులోనే సగం ఆరోగ్యం ఉంది. నిమ్మ సోడా అడగ్గానే బండివాడు తల ఎత్తకుండా "సాల్టా, స్వీటా, మిక్సా?" అంటాడు. స్వీటు అంటే సీసాలోంచి పంచదార పాకం ధారగా పడుతుంది, రెండు మూడు చెంచాలకు తక్కువ ఉండదు. మిక్స్ అంటే సగం. సాల్టు అంటే సున్నా. ఒకే బండి, ఒకే నిమ్మకాయ, ఒక్క మాటతో పదిహేను గ్రాములు తేడా. బీపీ ఉన్నవాళ్లు "ఉప్పు చిటికెడే" అని ఇంకో మాట చేర్చాలి. గోలీ సోడాలో రంగు రకాలు, రామచంద్రపురం ఆర్టోస్, ఇవన్నీ తీపి లెక్కలో కోలా జాతే. ఆర్టోస్‌తో గోదావరి జిల్లాల వాళ్లకున్న అనుబంధం వేరు, వందేళ్లు దాటిన డ్రింకు అది, ఊరెళ్లినప్పుడు ఒకటి తాగితే ఏం కాదు. రాయలసీమ నన్నారి షర్బత్‌లో వేరు కషాయం పాలెంత, పాకం పాలెంత అన్నది పోసేవాడి చేతిలో ఉంటుంది. ఇంట్లో కలుపుకుంటే పాకం సగానికి తగ్గించి నిమ్మరసం పెంచండి, వాసన ఎక్కడికీ పోదు.

జ్యూస్ సెంటర్‌లో కౌంటర్ పక్కన నిలబడి మిక్సీ జార్ చూడండి. పండు ముక్కలు, ఐస్, ఆ వెంటనే ప్లాస్టిక్ డబ్బాలోంచి గరిటెడు పంచదార. అలవాటు చెయ్యి, అడగడు. "షుగర్ వద్దు" అని ముందే, డబ్బులిచ్చేటప్పుడే చెప్పాలి, జార్ తిరగడం మొదలయ్యాక కాదు. సపోటా, మామిడి, అరటి లాంటివి తమంతట తామే తియ్యగా ఉంటాయి, పంచదార లేకపోయినా గుర్తుపట్టరు. బత్తాయికి మొదటి రెండుసార్లు కాస్త చప్పగా అనిపిస్తుంది.

ఇక కొబ్బరి బొండం. బండి మీద దొరికేవాటిలో నా మొదటి ఓటు దీనికే. 100 మిల్లీలీటర్లకు మూడు నాలుగు గ్రాముల సహజ చక్కెర, బొండం మొత్తం మీద పది పన్నెండు. పొటాషియం దండిగా ఉంటుంది. ధర ఒక్కటే ఇబ్బంది, కోనసీమలో దొరికే రేటుకీ హైదరాబాద్ రేటుకీ పొంతన ఉండదు. ఆ పొటాషియమే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకి కూడా. వాళ్లు డాక్టరుని అడగకుండా బొండం జోలికి పోకూడదు. "నీళ్లే కదా" అని ఆసుపత్రిలో ఉన్నవాళ్ల కోసం చుట్టాలు సంచీ నిండా బొండాలు పట్టుకెళ్తుంటారు. ముందు అక్కడి నర్సుని ఒక మాట అడగండి.

మజ్జిగకి పోటీ లేదు

చలివేంద్రాల్లో నీళ్ల కుండ పక్కన మజ్జిగ పెట్టడం మనకు ఎప్పటినుంచో ఉంది. దాహం తీర్చడంలో, ఖర్చులో, చక్కెరలో, మూడింట్లోనూ ఇది గెలుస్తుంది. పల్చగా చిలికిన మజ్జిగలో పాల తీపి కాస్తంత తప్ప ఇంకేం ఉండదు. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి దంచి వేసుకుంటే ఫ్రిజ్‌లో ఇంకేదైనా ఉందా అని వెతకబుద్ధి కాదు. ప్యాకెట్ మసాలా మజ్జిగ కూడా ఫరవాలేదు, ఉప్పు ఎంతో మాత్రం చూసుకోండి. దాని పక్కనే ఉండే లస్సీ ప్యాకెట్, బాదం పాల సీసా పాల కుటుంబంలోవే గానీ పంచదార బాగా కలిపినవి. పేరులో పాలు ఉన్నాయని కళ్లు మూసుకుని కొనొద్దు.

రాగి అంబలి పొద్దుటి పూటకి మంచిది. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగితే కడుపు కూడా నిండుతుంది. బెల్లం వేసిన రాగి జావ వేరే లెక్క. సబ్జా గింజలు చల్లగా, బాగానే ఉంటాయి, కాకపోతే వాటిని రోజ్ సిరప్‌లో వేసుకుని తాగితే ఆ పుణ్యం సబ్జాకి దక్కదు.

అసలు దొంగ చేతిలోనే ఉన్నాడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అప్పుడప్పుడు తాగేవి. టీ అలా కాదు.

ఇంట్లో రెండు, ఆఫీసులో రెండు, మొత్తం నాలుగు కప్పులు. కప్పుకి రెండు చెంచాలు అంటే రోజుకు 40 గ్రాములు. నెలకు కేజీ 200 గ్రాముల పంచదార. వారానికో పావు లీటరు థమ్సప్ తాగే మనిషి నెలకు తాగేది వంద గ్రాముల పైచిలుకు. పన్నెండు రెట్లు తేడా! ఆ థమ్సప్ మానేసి టీ అలాగే ఉంచుకున్నవాడు ఎంత సాధించాడో మీరే చూడండి. కప్పుకి ఒక్క చెంచానే వేసుకునేవాళ్లయినా నాలుగు కప్పులకి నెలకు 600 గ్రాములు.

తీపి పానీయాలు తగ్గిద్దామనుకునే తెలుగువాళ్లలో ఎక్కువమంది ముందు చూసుకోవాల్సింది ఈ కప్పునే. ఇందులో ఎంపికలు ఇవీ.

ఇంట్లో టీ అయితే పని సులువు. పంచదార గిన్నెలో వేసి మరిగించడం మానేసి, కప్పులోకి వడపోశాక ఎవరిది వాళ్లు కలుపుకోండి. అప్పుడు ఎంత వేస్తున్నామో కంటికి కనిపిస్తుంది. పది పదిహేను రోజులకోసారి అర చెంచా తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది, ఒకేసారి సున్నా చేసినవాళ్లే మూడో రోజుకి మళ్లీ రెండు చెంచాలకి వస్తారు. యాలకులు, అల్లం కాస్త ఎక్కువ వేస్తే తీపి తగ్గినట్టు అంతగా తెలియదు.

బయటి టీలో చాలాచోట్ల చక్కెర ముందే గిన్నెలో పడిపోయి ఉంటుంది. "మాస్టర్, చక్కెర తక్కువ" అంటే తలూపుతాడు, అదే గిన్నెలోంచి పోస్తాడు. అక్కడ పనికొచ్చేది పాత పద్ధతే: వన్ బై టూ. స్నేహితుడితో పంచుకుంటే చక్కెర సగం, డబ్బులు సగం. ఇరానీ చాయ్ చిక్కటి పాలతో, తియ్యగా ఉండటమే దాని గుణం, దాన్ని చప్పగా అడగడం నాకు నచ్చదు. రోజుకు మూడు మామూలు టీల బదులు ఒక్క ఇరానీ, మిగతా వేళల్లో పంచదార లేని టీ అనుకుంటే బాగుంటుంది. ఆఫీసు మెషీన్‌లో వచ్చే ప్రీమిక్స్ టీ పౌడరులో పంచదార ముందే కలిపి ఉండటం మామూలు, అక్కడ తగ్గించడానికి బటన్ ఉండదు. టీ బ్యాగు, వేడినీళ్లు ఉంటే అవే మేలు.

బెల్లం టీ గురించి ప్రతి కూడలిలో బోర్డు కనిపిస్తోంది. బెల్లంలో కాస్త ఇనుము, ఖనిజాలు ఉంటాయి, ఒప్పుకుంటాను. అయినా నూటికి ఎనభై పాళ్లకు పైగా అది చక్కెరే. టీతో పాటు తీసుకున్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు కూడా. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. రుచి నచ్చితే తాగండి, షుగరు ఉన్నవాళ్లకి మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి.

జీరో సీసాలు

చక్కెర లేని కోలా తాగొచ్చా అంటే, నా జవాబు ఇది: రోజూ కోలా తాగే అలవాటు ఉన్నవాడికి మెట్టు దిగడానికి పనికొస్తుంది. ఏ కోలా తాగనివాడు కొత్తగా మొదలుపెట్టడానికి కాదు.

వీటిలో తీపి కోసం ఆస్పర్టేమ్, ఎసీసల్ఫేమ్ పొటాషియం, సుక్రలోజ్ లాంటివి వాడతారు. లేబుల్ మీద 951, 950, 955 అంకెలుగా కనిపించేవి అవే. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు అదుపు కోసం వీటిని నమ్ముకోవద్దని చెప్పింది. అదే ఏడాది జూలైలో ఆస్పర్టేమ్ "క్యాన్సర్‌కు కారణం కావచ్చు" అన్న జాబితాలో చేరిందని వాట్సాప్‌లో హోరెత్తింది. అదే సమయంలో నిపుణుల సంఘం రోజువారీ పరిమితిని మార్చలేదన్న సంగతి మాత్రం అంతగా తిరగలేదు. ఆ పరిమితి కేజీ బరువుకి 40 మిల్లీగ్రాములు; మామూలుగా ఒకటి రెండు క్యాన్లు తాగేవాళ్లు దాని దగ్గరకి కూడా పోరు. పుట్టుకతో ఫినైల్‌కీటోనూరియా అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ అసలు ముట్టుకోకూడదు, అందుకే సీసా మీద ఆ హెచ్చరిక ఉంటుంది. చక్కెర పోయినా పులుపు పోదు కాబట్టి పళ్ల పైపూతకి నష్టం అలాగే ఉంటుంది. తీపి మీద మనసు కూడా తగ్గదు. పిల్లలకి వద్దు.

ఎనర్జీ డ్రింకులు, హెల్త్ పౌడర్లు

ఇరవై రూపాయలకి ఎర్ర సీసా దొరకడం మొదలయ్యాక స్కూలు పిల్లల చేతుల్లో ఎనర్జీ డ్రింకులు మామూలైపోయాయి. పావు లీటరులో 70, 80 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే ఒక గట్టి కాఫీ. పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వద్దని సీసా మీదే రాసి ఉంటుంది, అక్షరాలు చిన్నవి. పరీక్షల ముందు రాత్రి దీన్ని తాగి మేలుకునే పిల్లాడికి నిద్రా పోతుంది, చదివిందీ నిలవదు. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం బేరాలు లేవు, పిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి. మెలకువ కావాలంటే పెద్దవాళ్లకి పంచదార తక్కువ వేసిన ఫిల్టర్ కాఫీ చాలు.

పాలల్లో కలిపే మాల్ట్ పౌడర్లని "హెల్త్ డ్రింక్" విభాగంలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలకి ప్రభుత్వం చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో అలాంటి రకమే లేదు. డబ్బా వెనక పంచదార ఎంతుందో చూసి, ఎక్కువుంటే రెండు చెంచాలకి బదులు ఒకటి వేయండి. పాలు పాలుగా తాగే పిల్లలకి ఏ పౌడరూ అక్కర్లేదు.

విరేచనాలప్పుడు ఏది?

ఇక్కడ తప్పు ఎంచుకుంటే పిల్లాడు ఆసుపత్రి పాలవుతాడు, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా. విరేచనాలకి, వడదెబ్బకి మందుల షాపులో "ఓఆర్ఎస్ ఇవ్వండి" అంటే కొన్నేళ్లు రంగురంగుల టెట్రా ప్యాక్‌లు చేతిలో పెట్టారు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న అక్షరాలు ఉండేవి, లోపల ఉండాల్సిన దానికి ఎన్నో రెట్ల చక్కెర ఉండేది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, దానికి తూకంగా ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. చక్కెర ఆ తూకం దాటితే పేగులోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరుని డ్రింకుల మీద వాడకూడదని ఆదేశించింది.

ఇప్పటికీ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి, ఎన్ని నీళ్లలో కలపమని ఉందో అన్ని నీళ్లలోనే కలపండి. కూల్ డ్రింకు, ప్యాకెట్ జ్యూస్, గ్లూకోజ్ పొడి నీళ్లు దీనికి ప్రత్యామ్నాయం కావు. ప్యాకెట్ దొరికేలోపు ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ నయం.

బిర్యానీ పక్కన, పెళ్లి విందులో

పార్సిల్ బిర్యానీతో పాటు ముప్పావు లీటరు సీసా ఉచితమని ఆఫర్ ఉంటుంది. ఉచితంగా వచ్చింది ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు తాగక తప్పదు, వద్దని రాయించేయడమే దారి. బిర్యానీకి జతగా పెరుగు పచ్చడి ఎలాగూ ఇస్తాడు. గ్యాస్ ఉంటేనే అరిగినట్టుంటుంది అనేవాళ్లకి ఉత్త సోడాలో నిమ్మకాయ పిండి ఇవ్వండి, కోరుకునేది ఆ చురుకునే.

చుట్టాలింటికి వెళ్తే కథ వేరు. "అయ్యో, ఒక్క గుక్కయినా పుచ్చుకోండి" అని అత్తయ్య గ్లాసు పట్టుకుని నిలబడితే చక్కెర లెక్కలు చెప్పి ఆమె మనసు నొప్పించకండి. "మజ్జిగ ఉంటే ఇవ్వండత్తయ్యా, ఎండలో వచ్చా" అంటే ఆమెకీ సంతోషం. శ్రీరామనవమి పానకం ఏడాదికోసారి వచ్చేది, దాన్ని ఈ పట్టికలోకి లాగక్కర్లేదు. రోజూ వచ్చేవాటి మీదే చూపు పెట్టాలి.

షుగరుకి మందులు వాడేవాళ్లకి ఒక మినహాయింపు

పైన చెప్పినదంతా తిరగబడే సందర్భం ఒకటుంది. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకి భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. రక్తంలో చక్కెర 70 (ఎంజీ/డీఎల్) కంటే కిందికి పడిపోయిందన్నమాట. అప్పుడు కావాల్సింది సుమారు 15 గ్రాముల చక్కెర, వెంటనే. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి గానీ, మామూలు కూల్ డ్రింకు చిన్న గ్లాసుడు, అంటే 150 మిల్లీలీటర్లు గానీ ఇవ్వాలి. జీరో సీసా ఇస్తే ఏమీ ప్రయోజనం ఉండదు, చక్కెర లేదు కాబట్టి. కంగారులో చాలామంది ఫ్రిజ్‌లో ఉన్నది ఇదే కదా అని అది పోసేస్తారు. పావుగంట ఆగి మళ్లీ చెక్ చేయండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి, పెరిగాక ఏదైనా తినిపించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.